మెట్టెలు నల్లబడలేదు

ఒడిశాలో గంధకపు వేడినీళ్ళ బుగ్గ ఉన్న తప్తపాణిలో రూముకి 2,600 తీసుకుని మాకు గీజరు నీళ్ళు పోశారు. బుగ్గ నీళ్ళు నేరుగా బాత్‌రూముకే వస్తాయంటేనే కదా ఆ ప్రైవేటు లాడ్జిలో దిగింది!

అమ్మకి ఏడాదిగా సయాటికా. నడుము దగ్గర మొదలై పిక్క దాకా కరెంటు షాకులా లాగేస్తుంది. గంధకం నీళ్ళలో నానితే తగ్గుతుందని ఎవరో చెవిలో వేశారు. బరంపురం దాకా రైలు, అక్కణ్ణించి దిగపహండి మీదుగా 50 కిలోమీటర్లు కారులో, రానూపోనూ 2,400. నాన్నకి ఈ ప్రయాణమే ఇష్టం లేదు, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

రాత్రి టబ్బులో అమ్మ అరగంట నానింది. "హాయిగానే ఉందే" అని లేవబోయి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. నాకు మాత్రం అనుమానం. నీళ్ళకి వాసనే లేదు.

పొద్దున్నే కంధుణి దేవి గుడి దగ్గరికి వెళ్ళాం. పైన బుగ్గ పొగలు కక్కుతుంటే, ఆ నీళ్ళని పక్కన కొలనులోకి వదిలారు, స్నానాలు అందులోనే. మెట్లు దిగకముందే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అమ్మ పావుగంట కూర్చుని పైకొచ్చి పాదాలు తుడుచుకుంటూ "ఇదేంట్రా" అంది. వెండి మెట్టెలు మసి పట్టినట్టు నల్లబడ్డాయి. రాత్రి అరగంట నానినా తళతళలాడినవి ఇవే! గంధకం నీళ్ళు తగిలితే వెండి ఊరుకోదు. రెండ్రోజుల్లో నాన్న నవ్వడం అదే మొదలు.

మేనేజరుకి ఆ మెట్టెలే చూపించాను. "మోటారు పాడైందండీ" అని నసిగి 500 వెనక్కిచ్చాడు.

నొప్పి సంగతంటారా? సాయంత్రం దాకా అమ్మ కుంటకుండా నడిచింది. వేడికి పట్టేసిన కండరాలు వదులవుతాయి, ఛాతీ దాకా మునిగితే ఒంటి బరువు మూడో వంతుకి పడిపోతుంది, నడుముకి ఊపిరాడుతుంది. అంతేగానీ నరాన్ని నొక్కుతున్న డిస్కుని ఏ బుగ్గా జరపలేదు. ఇంటికొచ్చిన మూడో రోజు లాగుడు మళ్ళీ మొదలైంది.

వెళ్ళేవాళ్ళు పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాల్లో లేచెయ్యండి, అదీ నెమ్మదిగా. మా నాన్నలా షుగరుతో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు నేరుగా కాలు పెట్టొద్దు, కాలినా తెలీదు. నేను ముందు మోచెయ్యి ముంచి చూశాకే ఆయన్ని దిగనిచ్చాను. రూముకి డబ్బు కట్టే ముందు మాత్రం కుళాయి తిప్పించి వాసన చూడండి.

మెట్టెల్ని అమ్మ పళ్ళపొడితో ఇంకా తోముతూనే ఉంది.