తొండా, ఊసరవెల్లా: రంగులు మార్చడంలో ఏది మేలు?

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం కదా, అందుకే చాలామంది ఈ రెండూ ఒకటేననీ, ఒకటి పిల్ల, ఇంకొకటి పెద్దదనీ నిజంగానే నమ్ముతారు. కాదు. తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ దగ్గరి చుట్టాలే గానీ కుటుంబాలు వేరు. మన దేశంలో తొండల్లో చాలా జాతులు ఉన్నాయి, ఊసరవెల్లి మాత్రం ఒక్క జాతే.

గుర్తుపట్టడానికి తోక, కాళ్లు చూస్తే చాలు. తొండ తోక ఒంటికంటే బాగా పొడుగ్గా, సన్నగా వేలాడుతుంది. ఊసరవెల్లి తోక కొమ్మకు చుట్టుకుంటుంది, పని లేనప్పుడు చుట్టలా ముడుచుకుని ఉంటుంది. దాని కాలి వేళ్లు రెండు ఒక పక్కకి, మూడు ఇంకో పక్కకి అతుక్కుపోయి పటకారులా కొమ్మను పట్టుకుంటాయి. మెడ నుంచి వీపు మీదికి ముళ్ల వరుస, విడివిడి వేళ్లు, మనిషి అలికిడి వినగానే రయ్యిన చెట్టు చాటుకు పరుగు... ఇవన్నీ కనిపిస్తే అది తొండ. ఊసరవెల్లి పరుగెత్తదు, గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కో అడుగే వేస్తుంది.

ఇక అసలు విషయం, రంగు. పనితనం ఒక్కటే చూస్తే ఊసరవెల్లిదే పైచేయి. 2015లో జెనీవా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు మడగాస్కర్ ఊసరవెల్లి ఒకదాని మీద పరిశోధన చేసి, దాని చర్మకణాల్లో అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఉంటాయనీ, ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గరగా సర్దుకుని నీలం వెలుగును తిప్పి పంపుతాయనీ, చర్మంలోని పసుపుతో అది కలిసి మనకు ఆకుపచ్చగా కనిపిస్తుందనీ, ఇంకో మగది ఎదురైతే ఆ స్ఫటికాల మధ్య దూరం పెరిగి పసుపు, ఎరుపు వైపు మారుతుందనీ తేల్చారు. అంటే రంగు పూసుకోవడం లేదు, వెలుగునే మారుస్తోంది! ఎర్ర గుడ్డ మీద పెడితే ఎర్రగా అవుతుందనే మాట మాత్రం నమ్మకండి. కోపం, భయం, చలి, వేడి, వీటిని బట్టే ఎక్కువగా మారుతుంది.

తొండకి అన్ని రంగులు లేవు. మామూలుగా గోధుమ, బూడిద రంగుల్లో ఉంటుంది. చర్మకణాల్లోని నల్ల రేణువులు పరుచుకుంటే ముదురుగా, ఒకచోట చేరితే లేతగా కనిపిస్తుంది. పొద్దున్నే ముదురుగా ఉండి ఎండ కాచుకోవడం అందుకే, ముదురు రంగు వేడిని త్వరగా పట్టుకుంటుంది. కానీ ఎండాకాలం చివర్లో, వానాకాలంలో జోడీ కట్టే వేళ మగ తొండని చూడండి: తల, మూపు నారింజ నుంచి నిప్పులాంటి ఎరుపుకి వస్తాయి, గొంతు మీద నల్ల మచ్చ తేలుతుంది, ముందుకాళ్ల మీద లేస్తూ వంగుతూ పుషప్స్ తీస్తుంది. రెండు మగవి తలపడితే, ఓడినదాని ఎరుపు చూస్తుండగానే వెలిసిపోతుంది. ఆ ఎర్ర రంగు చూసే దీనికి రక్తం తాగుతుందనే చెడ్డపేరు వచ్చింది పాపం, అది తినేది ఎక్కువగా చీమలు, పురుగులే.

నా ఓటు తొండకే. ఊసరవెల్లి అద్భుతమే, ఒంటికంటే పొడవైన నాలుకని విసిరి పురుగుని లాక్కోవడం, ఒక కన్ను ముందుకీ ఒక కన్ను వెనక్కీ తిప్పడం దానికే చెల్లింది. కానీ ఆకుల్లో ఆకులా ఉండేదాన్ని వెతికి పట్టడం కష్టం, గుడ్లు పెట్టడానికి ఆడది నేలకి దిగినప్పుడో, రోడ్డు దాటుతున్నప్పుడో కనిపిస్తే అదృష్టం. అప్పుడు కూడా పట్టుకుని ఇంటికి తేవొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. విషం ఉందని కర్రతో కొట్టేవాళ్లూ ఉన్నారు, దానికీ తొండకీ విషం లేదు. తొండ అయితే కంచె మీద, పొదల్లో, చెట్టు మొదట్లో ఎక్కడైనా పగటిపూట దొరుకుతుంది. పది అడుగుల దూరంలో కదలకుండా కాసేపు కూర్చోండి, పిల్లల చేతుల్లోంచి రాళ్లు, గడ్డి ఉచ్చులు తీసేసి వాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి. మొదట అది చెట్టు వెనక నుంచి తల మాత్రమే పెట్టి చూస్తుంది, మీరు కదలకపోతే మెల్లగా ఇటువైపుకి వస్తుంది.