టెక్ డైవింగ్‌కి ముందు ఏ కోర్సు: ఫండమెంటల్సా, ఇంట్రో టు టెక్కా?

"అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ అయిపోయాయి. టెక్‌లోకి వెళ్దామనుకుంటున్నా, ముందు ఏది చేయాలి?" ఈమధ్య చాలామంది స్కూబా డైవర్లు ఇదే అడుగుతున్నారు. (టెక్ అంటే టెక్నికల్ డైవింగ్, మామూలు సరదా డైవింగ్ హద్దులు దాటినది. అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ మామూలు డైవింగ్ కోర్సులు.) అడిగేవాళ్లు దాదాపు అందరూ రెండు పేర్ల దగ్గరే ఆగి ఉంటారు: జీయూఈ సంస్థ వాళ్ల ఫండమెంటల్స్, టీడీఐ సంస్థ వాళ్ల ఇంట్రో టు టెక్.

సిలబస్ చూస్తే రెండూ దగ్గరదగ్గరే. రెండింటిలోనూ డీకో డైవ్‌లు (పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాల్సినవి) ఉండవు. బాయన్సీ (తేలిపోకుండా, మునిగిపోకుండా ఉండటం), ట్రిమ్ (నీళ్లలో శరీరాన్ని అడ్డంగా ఉంచటం), ఫ్రాగ్ కిక్ (కప్పలా కాళ్లాడించటం), గ్యాస్ షేరింగ్, గ్యాస్ లెక్కలు రెండింటిలోనూ నేర్పుతారు. నా దృష్టిలో అసలు తేడా కోర్సు చివర కనిపిస్తుంది: మీకు రాకపోతే రాలేదని ఎవరు చెప్తారు, దేన్ని బట్టి చెప్తారు?

ఫండమెంటల్స్‌లో ఆ కొలత రాసిపెట్టి ఉంటుంది. టెక్నికల్ పాస్ (టెక్ కోర్సులకు దారి ఇచ్చేది) కావాలంటే పని చేస్తూనే శరీరం అడ్డంగా ఉండాలి, సుమారు 20 డిగ్రీలకు మించి వంగకూడదు, అనుకున్న లోతు నుంచి 1 మీటర్ కంటే ఎక్కువ కదలకూడదు. రిక్రియేషనల్ పాస్‌కి కొంచెం సడలింపు ఉంది. అదీ అందకపోతే ప్రొవిజనల్ ఇచ్చి, గడువులోపు మళ్లీ వచ్చి చూపించమంటారు, లేదా ఫెయిల్ చేస్తారు. డైవ్‌లు వీడియో తీసి సాయంత్రం కూర్చోబెట్టి చూపిస్తారు. నీళ్లలో నిశ్చలంగా ఉన్నామనుకున్న మనిషి తెరమీద చేతులు ఊపుతూ కనిపిస్తాడు, ఇక వాదించడానికి ఏమీ ఉండదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, టెక్ డైవ్‌లో పైకి వచ్చేముందు ఆగే ఆఖరి స్టాప్ సంగతి చూడండి. 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్ పీలుస్తుంటే దాని పాక్షిక పీడనం 1.6 బార్. అంటే అప్పటికే హద్దు మీద ఉన్నారు. మూడు మీటర్లు కిందికి జారితే 1.9 అవుతుంది. మూర్ఛ వచ్చి రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయే ప్రమాదం అక్కడుంది. పైకి తేలిపోతే స్టాప్ ఎగ్గొట్టినట్టే. పైగా ఉపరితలానికి దగ్గరయ్యేకొద్దీ వింగ్‌లో (వీపున ఉండే గాలి సంచి), డ్రైసూట్‌లో గాలి త్వరగా ఉబ్బుతుంది. కదలకుండా ఉండాల్సిన చోటే ఉండటం కష్టమన్నమాట. అదే సమయంలో ఎస్ఎంబీ (ఉపరితలానికి వదిలే గుర్తు బెలూన్) రీల్, టైమ్, పార్ట్‌నర్, అన్నీ చూసుకోవాలి. బాయన్సీ గురించి ఆలోచించే స్థితిలో ఉన్న డైవర్‌కి వీటికి బుర్ర మిగలదు.

ఇంట్రో టు టెక్‌కి ఉన్న పెద్ద సుగుణం వెసులుబాటు. సైడ్‌మౌంట్‌లో (సిలిండర్లు పక్కలకు తగిలించుకుని) చేయొచ్చు, ఒక్క గేర్ పద్ధతికే కట్టుబడక్కర్లేదు, ఇన్‌స్ట్రక్టర్లూ ఎక్కువమంది దొరుకుతారు. మంచి గురువు చేతిలో ఇది ఫండమెంటల్స్‌కి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే ఎంత కచ్చితంగా తేల్చాలన్నది చాలావరకు ఆ గురువు మీదే ఆధారపడుతుంది. అందుకే ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: వీడియో తీస్తారా? ఈ కోర్సులో ఎవరికైనా కార్డు ఇవ్వకుండా ఆపారా? రెండో ప్రశ్నకి నవ్వేసి దాటేస్తే ఇంకొకరిని వెతుక్కోండి.

ఫండమెంటల్స్‌తో చిక్కులు లేవని కాదు. బ్యాక్‌ప్లేట్ (వీపున ఉండే పలక), వింగ్, లాంగ్ హోస్ (రెగ్యులేటర్ పొడవాటి గొట్టం) వాళ్లు చెప్పినట్టే ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్లు తక్కువ, కాబట్టి ప్రయాణం ఖర్చు కలుస్తుంది. పొగతాగేవాళ్లను అసలు చేర్చుకోరు. (ఆ వంకతో మానేసినా లాభమే.) అయినా బ్యాక్‌మౌంట్‌లో (సిలిండర్లు వీపున పెట్టుకుని) వెళ్లాలనుకునేవాళ్లకి నా ఓటు దీనికే. సైడ్‌మౌంట్ ఖాయమైతే మాత్రం ఇంట్రో టు టెక్కే.

మిగతావి: యూటీడీ అనే మరో సంస్థ ఎసెన్షియల్స్ కోర్సు ఫండమెంటల్స్ బాటలోనిదే, దగ్గర్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటే సరే. పాడీ టెక్ 40 పునాది కోర్సు కాదు, అందులో పరిమితంగా డీకో మొదలైపోతుంది. పీక్ పెర్ఫార్మెన్స్ బాయన్సీ మంచిదే గానీ ఈ పనికి చాలదు.

డబుల్స్ (వీపున జంట సిలిండర్లు) ఎప్పుడూ వేసుకోనివాళ్లు మొదటిసారే టెక్నికల్ పాస్ కోసం టెన్షన్ పడక్కర్లేదు. సింగిల్ సిలిండర్‌తో రిక్రియేషనల్ పాస్ తెచ్చుకుని, డబుల్స్ అలవాటయ్యాక అప్‌గ్రేడ్‌కి వెళ్లొచ్చు.