ఇండోరా, ఆటిక్కా, పైకప్పా? డాలస్ ఇంట్లో యాంటెన్నాకు ఏ చోటు మేలు

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఇల్లు కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న: లోకల్ చానెళ్లకు ఏ యాంటెన్నా కొనాలి? ఎక్కడ పెడతారో తేలితే ఏది కొనాలో దానంతటదే తేలిపోతుంది. తెలుగు చానెళ్లు ఇందులో రావు. ఇది ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ సంగతి.

డాలస్ ప్రధాన స్టేషన్ల టవర్లు సెడార్ హిల్‌లో ఒక్కచోటే ఉండటం మన అదృష్టం. యాంటెన్నాను ఒకే దిక్కుకు తిప్పితే చాలు. ఫ్రిస్కో నుంచైతే దక్షిణానికి, కాస్త పడమరగా, దాదాపు 40 మైళ్లు. ఇర్వింగ్ నుంచి అందులో సగమే. మీ అడ్రసుకు ఏ చానెల్ ఎంత బలంగా అందుతుందో రాబిట్‌ఇయర్స్ సైటులో చూడొచ్చు.

అసలు చిక్కు ఏబీసీతోనే. మిగతా పెద్ద స్టేషన్లు యూహెచ్‌ఎఫ్‌లో (ఎక్కువ ఫ్రీక్వెన్సీ, పొట్టి తరంగాలు) ఉంటే, ఇక్కడి ఏబీసీ స్టేషన్ డబ్ల్యూఎఫ్‌ఏఏ మాత్రం వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ, పొడుగు తరంగాలు) 8వ చానెల్‌లో, అంటే 180–186 మెగాహెర్ట్జ్‌లో ప్రసారమవుతుంది. దాన్ని బాగా పట్టాలంటే యాంటెన్నా కడ్డీ కొస నుంచి కొసకు 32 అంగుళాల దాకా ఉండాలి. కిటికీకి అంటించే పల్చటి రేకు అడుగు వెడల్పే కాబట్టి యూహెచ్‌ఎఫ్‌కు సరిపోతుంది, 8 దగ్గర చేతులెత్తేస్తుంది. "అన్నీ వస్తున్నాయి, ఏబీసీ ఒక్కటే ముక్కలు ముక్కలుగా వస్తోంది" అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. పైగా చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్ల గోల వీహెచ్‌ఎఫ్‌లోనే ఎక్కువ. బల్బు ఆర్పగానే బొమ్మ కుదురుకుంటే దొంగ దొరికినట్టే. డబ్బా మీద "200 మైళ్లు" అని ఉంటే నమ్మకండి, భూమి వంపు దాన్ని ఒప్పుకోదు.

ఇర్వింగ్‌లో దక్షిణపు కిటికీ ఉన్న అపార్ట్‌మెంటుకు ఇండోర్ చాలు. రేకుకు బదులు కడ్డీలున్నది కొనండి.

సొంతింటికి నా ఓటు ఆటిక్‌కే, అంటే పైకప్పు కింద ఉండే ఖాళీ చోటుకే. వాన, వడగళ్లు, పిడుగుల బెడద తక్కువ, ఎత్తూ దొరుకుతుంది. కానీ ముందు టార్చి పట్టుకుని పైకెక్కి కప్పు చెక్క అడుగు చూడండి. వెండిలా మెరిస్తే అది రేడియంట్ బ్యారియర్, టెక్సస్ కొత్త ఇళ్లలో మామూలే. ఆ అల్యూమినియం పొర ఎండతో పాటు సిగ్నల్‌నూ వెనక్కి కొడుతుంది. దక్షిణపు గోడకు ఆ పొర లేకపోతే యాంటెన్నాను ఆ గోడ వైపు జరిపి చూడొచ్చు. లేదంటే ఆటిక్ ఆశ వదులుకోవాలి. ఏసీ డక్టులకు మూడు నాలుగు అడుగుల దూరం ఉంచండి. బిగించేముందు అడుగడుగు జరుపుతూ టీవీ మెనూలో స్ట్రెంగ్త్ కాదు, క్వాలిటీ చూడండి. కొత్త చోట చానెల్ స్కాన్ మళ్లీ చేయాలి.

బ్యారియర్ ఉంటే బయటే. నడినెత్తికెక్కనక్కర్లేదు, దక్షిణం వైపు చూరు కింద జె-మౌంట్ (జె ఆకారపు గొట్టం) సరిపోతుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదేమోనని భయపడొద్దు. అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996 నాటి నియమం ప్రకారం మీ సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నాను ఆ సంఘం నిషేధించడానికి వీల్లేదు. అపార్ట్‌మెంటు ఉమ్మడి కప్పుకు ఈ రక్షణ లేదు. మాస్ట్‌నూ (యాంటెన్నాను నిలబెట్టే గొట్టం), కేబుల్ మీది గ్రౌండ్ బ్లాకునూ (కేబుల్‌ను ఎర్త్‌కు కలిపే బిళ్ల) 10 గేజ్ రాగి తీగతో ఇంటి గ్రౌండింగుకే (ఎర్త్) కలపండి. విడిగా ఇంకో రాడ్ పాతి అక్కడితో వదిలేయకూడదు. కేబుల్ గోడలోకి వెళ్లేచోట కిందికి ఒక వంపు వదిలితే వాననీరు లోపలికి పాకదు.

ఎక్కడ పెట్టినా కేబుల్ ఆర్‌జీ6 వాడండి, 50 అడుగులకు పోయే సిగ్నల్ రెండు మూడు డెసిబెల్సే. ఒక కేబుల్‌ను రెండు టీవీలకు పంచే స్ప్లిటర్ మూడున్నర, నాలుగింటిది ఏడు తినేస్తుంది. నాలుగు టీవీలుంటే ప్రీయాంప్ (సిగ్నల్ బలం పెంచే పెట్టె) పెట్టండి, అదీ యాంటెన్నా పక్కనే. టీవీ వెనక పెడితే గోలను కూడా పెంచుతుంది. డంకన్‌విల్‌లాంటి టవర్ల పక్క ఊళ్లలో మాత్రం ప్రీయాంప్ జోలికి పోవద్దు, సిగ్నల్ మితిమీరిపోయి, మామూలుగా వచ్చే చానెళ్లు కూడా పోతాయి.