జీతంలోంచి కోసే సైకిల్ ప్లాన్: మా హెల్పర్లకు రూపాయి మిగల్లేదు

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూస్తాను. పోయిన దసరా తర్వాత మా దగ్గరికి ఒక సైకిల్ ప్లాన్ వచ్చింది. కంపెనీ పేరు, ప్లాన్ వాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటిది మీ దగ్గరికీ వస్తే సంతకం పెట్టేముందు ఒకసారి ఇది చదవండి.

పద్ధతి ఇది. యాప్‌లో సైకిలు ఎంచుకోవాలి. ప్లాన్ వాళ్లు దాన్ని కంపెనీకి లీజుకిస్తారు, కంపెనీ మనకిస్తుంది, లీజు డబ్బు 12 నెలలపాటు మన జీతంలోంచి, అదీ టాక్స్ లెక్క కట్టకముందే, పోతుంది. అంటే ఆ మొత్తం మీద టాక్స్ పడదు, ఆదా అనేది అదే. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "31 శాతం దాకా ఆదా" అని వేశారు.

సైకిళ్లు బాగున్నాయి, అందులో వంక పెట్టడానికి లేదు. మా మేనేజరు గారు గేర్లది ఒకటి తీసుకుంటే నేనూ గేటు దాకా తొక్కి చూశాను, తేలిగ్గా ఉంది, బ్రేకులు గట్టిగా పడుతున్నాయి. చెప్పిన రోజుకే తెచ్చి ఇచ్చారు. కానీ యాప్ మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, జాబితా 14,500 రూపాయల దగ్గర మొదలవుతుంది, వెనక క్యారేజీ ఉన్న మామూలు నల్ల సైకిలు అందులో ఒక్కటీ లేదు. టిఫిన్ డబ్బా, బియ్యం సంచీ పెట్టుకుని వెళ్లే మనిషికి క్యారేజీ లేని సైకిలు ఎందుకు?

ఇక అసలు లెక్క. నెలకు 3,000 చొప్పున ఏడాదికి 36,000 కోస్తే, 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి టాక్స్ మీద వేసే సెస్సుతో కలిపి 11,232 మిగులుతుందని వాళ్లే కాగితం మీద వేసి చూపించారు. సరే. మా ప్యాకింగ్ హెల్పరు జీతం నెలకు 14 వేల లోపు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా ఇన్‌కం టాక్స్ లేదు. 15 వేల లోపు జీతానికి మన రాష్ట్రంలో ప్రొఫెషనల్ టాక్స్ కూడా లేదు. మరి ఈ మనిషికి ఆదా అయ్యేది ఏమిటి? సున్నా. ఒకే సైకిలు, ఒకే కాగితం, కానీ జీతం పెద్దదైన కొద్దీ సాయం పెద్దదవుతుంది.

సున్నాతో ఆగినా బాగుండేది. హెల్పర్ల జీతంలో అలవెన్సులంటూ ఏమీ ఉండవు, బేసిక్కు, డీఏ అంతే. కోత అందులోనే పడితే పీఎఫ్ కూడా తగ్గుతుంది. నెలకు వెయ్యి తగ్గితే మనిషి వాటా 120, కంపెనీ వాటా 120 జమ కావు. ఈఎస్‌ఐలో, అంటే కార్మికుల ఆరోగ్య బీమాలో, జబ్బు సెలవుకు ఇచ్చే డబ్బు కూడా జీతం మీదే లెక్క. ఈ మాట కరపత్రంలో ఎక్కడా లేదు. వాళ్ల మనిషిని మొహం మీదే అడిగాను, "హెచ్‌ఆర్ వాళ్లు చూసుకుంటారు మేడమ్" అన్నాడు.

పైగా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు ప్లానే లేదు, వాళ్ల జీతం కాంట్రాక్టరు ఇస్తాడు కాబట్టి. మా దగ్గర నిజంగా సైకిలు అవసరం వాళ్లకే. లావేరు వైపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆటోకి రానూ పోనూ రోజుకు 40, నెలకు 26 డ్యూటీలంటే 1,040. నైట్ షిఫ్టు దిగేసరికి ఆ ఆటో కూడా దొరకదు. ప్యాకింగ్‌లో పర్మనెంటు అయిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాం. కరపత్రం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. లెక్కంతా విప్పి చెప్తే, "టాక్సు నాకెక్కడిదమ్మా, మరి నాకేటి మిగుల్తాది?" అన్నారు. ఆ రోజు సాయంత్రం దాకా ఆ మాటే చెవిలో ఉంది.

ఇది మన దగ్గర మాత్రమే అనుకోకండి. మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లో కేర్ హోంలో పని చేస్తాడు. అక్కడ 1999 నుంచీ సైకిల్ టు వర్క్ అని ఇలాంటి పద్ధతే ఉంది. 1,000 పౌండ్ల సైకిలుకు 40 శాతం పన్ను కట్టేవాళ్లకు నేషనల్ ఇన్సూరెన్సు (అక్కడ జీతంలోంచి కోసే సామాజిక బీమా) 2 శాతంతో కలిపి 420 పౌండ్లు మిగులుతాయి, 20 శాతం వాళ్లకు 8 శాతం కలిపి 280. కనీస వేతనం మీద ఉన్న మావాడికి అసలు ఇవ్వనే ఇవ్వరు, ఎందుకంటే కోత పోయాక జీతం కనీస వేతనం కిందికి దిగకూడదు. ఆ నిబంధన మంచిదే, పనిచేసేవాడిని కాపాడటానికే పెట్టింది, దాన్ని తీసేయమని నేను అనను. సాయాన్ని తీసుకెళ్లి జీతం కోతకు కట్టడం దగ్గరే తప్పు జరిగింది. సొంతంగా పని చేసుకునేవాళ్లకూ అది దొరకదు. మావాడు రాత్రి డ్యూటీ దిగి బస్సు లేక చాలా రోజులు నడిచాడు, చివరికి ఎవరిదో పాత సైకిలు కొనుక్కున్నాడు.

దీనికి పక్కన 2025 సెప్టెంబరు 22న జరిగింది పెట్టి చూడండి. సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఫారాలు లేవు, శ్లాబు అడగరు, కాంట్రాక్టా పర్మనెంటా అని అడగరు, 6,000 సైకిలు మీద అందరికీ ఒకటే 420 రూపాయలు తగ్గింది. చిన్న మొత్తమే, ఒప్పుకుంటాను, కానీ బాబాయ్ చేతికి నిజంగా అందింది అదొక్కటే.

ఎందుకంటే ఆయన్ని ఒక ఆదివారం శ్రీకాకుళం తీసుకెళ్లాను. జీటీ రోడ్డులో పాత సైకిల్ షాపు, తండ్రీ కొడుకులు నడుపుతారు. బిల్లులో 6,000, జీఎస్టీ 300 విడిగా రాసి ఇచ్చారు. 2,300 కట్టించుకుని మిగతాది నెలకు 500 చొప్పున పుస్తకంలో రాసుకున్నారు, వడ్డీ లేదు. పెద్దాయన కింద కూర్చుని స్పోకులు ఒక్కొక్కటీ బిగించి, రిమ్ము తిప్పి తిప్పి చూసి, అడగకుండానే క్యారేజీకి అదనంగా ఒక ఊచ వేశారు. లోపాలూ చెప్పాలి. సీటు రాయిలా ఉంది, వారానికే చైను వదులైంది, బ్రేకు కట్టలు నాసిరకం, వానలో సరిగా పట్టలేదు. మళ్లీ తీసుకెళ్తే చైను ఊరికే బిగించారు, కట్టలకు మాత్రం డబ్బులు తీసుకున్నారు.

మార్కులు వేయమంటే ప్లాన్‌కు 5లో 1, అది సైకిళ్ల నాణ్యతకి. షాపుకు 4.

మా మేనేజ్‌మెంటుకు నేనొక కాగితం రాసి ఇచ్చాను. లీజు వద్దు, 7,000 దాకా వడ్డీ లేని అడ్వాన్సు ఇవ్వండి, చేతికొచ్చే జీతంలోంచి కోసుకోండి, పీఎఫ్ ముట్టుకోవద్దు, కాంట్రాక్టు వాళ్లకు కాంట్రాక్టరు ద్వారా ఇప్పించండి అని. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా సైకిలు కొనేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ షాపుకు ఆదివారం పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే జనం ఎక్కువ. బ్రేకు కట్టలు కొన్నరోజే మంచివి వేయించుకోండి.