ఒక్కరి కోసం తిరిగే చక్రం: ‘ఫ్లైట్’

గ్లాస్గోకు చెందిన వాక్స్ మోటస్ నాటక బృందం 2017లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవంలో తొలిసారి ప్రదర్శించిన ‘ఫ్లైట్’ను నేను 2021 డిసెంబరులో, లండన్‌లోని బ్రిడ్జ్ థియేటర్‌లో చూశాను. కారొలైన్ బ్రదర్స్ నవల ‘హింటర్‌ల్యాండ్’ను ఆలివర్ ఇమాన్యుయేల్ నాటకంగా మలచగా, కాండిస్ ఎడ్మండ్స్, జేమీ హారిసన్ దర్శకత్వం వహించారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆర్యన్, కబీర్ అనే అన్నదమ్ములు కాబూల్ నుంచి లండన్‌కు బయలుదేరడం కథ. కాబూల్ మళ్ళీ తాలిబన్ల చేతికి చిక్కి అప్పటికి నాలుగు నెలలే అయింది. ఆ వార్తలు ఇంకా చెవుల్లో ఉండగానే నేను లోపలికి వెళ్ళాను.

వేదిక లేదు, నటులు కనిపించరు. ఒక్కొక్కరినే చీకట్లోకి తీసుకువెళ్ళి, ఒక్క మనిషి మాత్రమే పట్టే చిన్న అరలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. ఎదురుగా పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద అమర్చిన పెట్టెలు ఒకటొకటిగా వెలిగి, తమలో చిన్న చిన్న బొమ్మలతో తీర్చిన దృశ్యాన్ని చూపించి, ఆరిపోతాయి. సంక్రాంతికి మా ఇంట్లో మెట్ల మీద కొలువు తీర్చే బొమ్మలను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, కదలని బొమ్మ కథ చెప్పగలదన్న నమ్మకం నాకు ముందే ఉంది. అయితే కొలువు దగ్గర పేరంటాళ్ళందరం గుమిగూడి చూస్తాం. ఇక్కడ పక్కన ఎవరూ లేరు. చెవిలో పిల్లవాడి ఊపిరి వినబడుతున్నప్పుడు తల తిప్పుకోవడానికి చోటు కూడా లేదు.

దారిలోని ఊళ్ళ పేర్లను ఆ పిల్లలు ఎక్కాల్లా వల్లె వేస్తారు: కాబూల్, టెహరాన్, ఇస్తాంబుల్, ఏథెన్స్, రోమ్, పారిస్, లండన్. మొదట్లో ఆటలా వినిపించిన ఆ వరస, గ్రీసులో ఒక పొలంలో చాకిరీకి చిక్కుకుపోయిన తరువాత మళ్ళీ వినిపించినప్పుడు నాకు గొంతు పట్టేసింది. సముద్రం వచ్చే చోట పెట్టె నిండా చీకటి నీరే, పడవ అందులో ఒక మూల. నా అరచేయి అడ్డం పెడితే ఆ పడవ మొత్తం కనబడకుండా పోయేంత చిన్నది. పెద్ద తెర మీద ఎన్ని తుపానులు చూసినా కలగని భయం ఆ కొద్దిపాటి నీటిని చూసి కలిగింది. ఫ్రాన్సులో పోలీసులను సీగల్ అనే సముద్రపు పక్షులుగా చూపించారు. ఎనిమిదేళ్ళ కబీర్‌కు యూనిఫాం ఎలా కనిపిస్తుందో అంత సూటిగా చెప్పిన దృశ్యం మరొకటి లేదు.

లోపాలు లేవని అనను. చక్రం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి, పారిస్ లాంటి చోట్ల కథ ఊళ్ళ పట్టికలా గబగబా సాగిపోయింది. బొమ్మ ముఖమే చెబుతున్న దాన్ని కథకుడి గొంతు మళ్ళీ చెప్పడం రెండు మూడు చోట్ల అనవసరంగా తోచింది. అయినా నలభై అయిదు నిమిషాల్లో ఒక్కసారైనా నా ధ్యాస బయటికి పోలేదు.

ముగింపు ఇక్కడ చెప్పను. మళ్ళీ ఎక్కడైనా ప్రదర్శిస్తే, మరీ చిన్నపిల్లలను తీసుకువెళ్ళవద్దు. కబీర్ అనుభవించిన దానిలో కొంత పెద్దవాళ్ళకే భరించడం కష్టం. హైస్కూలు పిల్లలున్నవారు మాత్రం తప్పక వెంట తీసుకువెళ్ళండి. అరలో ఎవరికి వారే కూర్చోవాలి గనుక, బయటికి వచ్చాక మాట్లాడుకోవడానికి తోడు ఉండడం అవసరం.