పాలకొల్లులో దొరికే అచ్చు ప్రోనోటు ఫారం: కోర్టుకి సరే, ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి?

పాలకొల్లులో స్టాంపులమ్మే షాపుల్లో దొరికే అచ్చు ప్రోనోటు ఫారం గురించి ఇది. ధర పది రూపాయల్లోపే. మా బావమరిది ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు లీజుకి 3 లక్షలు అడిగితే, బ్యాంకు నుంచి అతని ఖాతాకి వేసి దీని మీద రాయించుకున్నాను. ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలేంటని మా అత్తగారు నొచ్చుకున్నారు గానీ, అది అప్పేనని రేపు ఎవరడిగినా ఇద్దరం చూపించుకోవాలి కదా.

బాగున్నవి ముందు చెప్తాను. రెవెన్యూ స్టాంపుకి సరిపడా చోటుంది, సంతకం స్టాంపు మీదుగా పెట్టించుకోవచ్చు. స్టాంపు లేని ప్రోనోటుని తర్వాత జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, చాలామందికి ఈ సంగతి తెలీదు. వెనకవైపు ఖాళీగా వదిలారు, కోర్టులో దావా వేయడానికి ఉన్న 3 ఏళ్ల గడువు దాటకముందే ఎంతో కొంత కట్టించుకుని చెల్లు రాయించుకోవడానికి వీలుగా ఉంటుంది. కాగితం మాత్రం పల్చన, జెల్ పెన్నుతో రాస్తే అలుక్కుపోతుంది.

అసలు ఇబ్బంది మధ్యలో ఉంది. నేను కొన్నదాంట్లో "ఈ దినము మీ వద్ద నేను రొక్కముగా పుచ్చుకున్న" అని అచ్చేసి ఉంది. డబ్బు బ్యాంకులో పడినా ఆ లైను అలాగే ఉంచి సంతకం పెడితే, నగదు తీసుకున్నానని అతను రాసిచ్చినట్టే. 20,000, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోకూడదు, 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో 269ఎస్ఎస్ సెక్షన్ చెప్పింది ఇదే. పుచ్చుకుంటే ఎంత తీసుకున్నాడో అంతా పెనాల్టీ పడొచ్చు, అదీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి! తిరిగి నగదుగా కట్టినా మళ్లీ అతనికే. 19,000 చొప్పున విడగొట్టి ఇద్దామంటే పాత బాకీ కూడా కలిపి చూస్తారు. బేరర్ చెక్కు కుదరదు, అకౌంట్ పేయీ చెక్కో, ఆన్‌లైన్‌లో వేయడమో, యూపీఐయో ఉండాలి.

రైతులకి ఇవన్నీ వర్తించవని మన వైపు గట్టిగా అంటారు. అది సగమే నిజం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే ఆ మినహాయింపు. నిన్నటిదాకా వరి పండిన చేనే అయినా, చెరువు తవ్వి రొయ్యలు వేస్తే వచ్చే ఆదాయం పన్ను లెక్కలో వ్యవసాయం కిందకి రాదు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో చెరువుల కోసం చేబదుళ్లు తిరుగుతున్నాయో చూస్తే నాకు భయమేస్తుంది.

అందుకే "రొక్కముగా" కొట్టేసి, ఫలానా తేదీన నా ఖాతా నుంచి తన ఖాతాకి జమైనట్టు ట్రాన్సాక్షన్ నంబరుతో సహా రాయించాను, కొట్టేసిన చోట అతని చిన్న సంతకం తీసుకున్నాను.

వడ్డీ రేటుకి ఖాళీ ఉంది, నింపండి. మేం నూటికి రూపాయిన్నర అనుకున్నాం, అంటే ఏడాదికి 54,000. అది నా ఆదాయమే, రిటర్నులో ఇతర ఆదాయం కింద చూపించాలి. తిరిగొచ్చిన అసలు ఆదాయం కాదు. వడ్డీ లేకుండా ఇస్తే రాని వడ్డీకి పన్నేమీ లేదు, ఆ మాటే ఫారంలో రాయండి.

స్నేహితుడికో, పెదనాన్న కొడుక్కో ఇస్తే మాత్రం కాగితం తప్పనిసరిగా ఉంచుకోండి. వాళ్లు పన్ను చట్టం చెప్పే బంధువుల్లో లేరు, అప్పని చూపించలేకపోతే బహుమతి అనుకుంటారు, ఏడాదికి 50,000 దాటితే మొత్తం మీద తీసుకున్నవాళ్లకి పన్ను పడుతుంది. మేనమామ మేనల్లుడికి ఊరికే ఇచ్చినా పన్ను లేదు, అదే మేనల్లుడు మామకి ఇస్తే ఉంది. మన ఇళ్లలో ఎవరూ ఊహించని తేడా ఇది.

నా రేటింగ్ 5కి 3. ఇవి అచ్చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, దయచేసి "రొక్కముగా" తీసేసి అక్కడ ఒక ఖాళీ గీత, కింద ట్రాన్సాక్షన్ నంబరుకి ఇంకో గీత పెట్టండి, ధర రెండింతలు చేసినా కొంటాం.