తుప్పు శిలీంధ్రానికి మేత: ఈస్ట్ ఎక్స్‌ట్రాక్టా, అమైనో ఆమ్లాలా? ఏది మేలు?

గోధుమకు కాండం తుప్పు తెగులు తెచ్చే పక్సీనియా గ్రామినిస్ బతికున్న మొక్క మీద తప్ప పెరగదని చాలాకాలం అనుకున్నారు. 1966లో ఆస్ట్రేలియాలో విలియమ్స్, స్కాట్, కూల్ దాన్ని మొక్క లేకుండానే అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద పెంచి చూపించారు. చాపెక్ లవణాలు (బూజులను పెంచడానికి వాడే ఖనిజ లవణాల మిశ్రమం), చక్కెర, కాస్త ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఈస్ట్ కణాల సారం), ఇంతే వాళ్ల మీడియం, అంటే శిలీంధ్రానికి పెట్టిన ఆహారం. పెప్టోన్ (ప్రోటీన్‌ను ముక్కలు చేసి తీసిన పొడి) కూడా కలిపితే పెరుగుదల ఇంకా బాగుందని తర్వాత తేలింది. 1970ల్లో ఆ రెండూ లేకుండా, వాటి బదులు అమైనో ఆమ్లాలు వేసి, ఏ పదార్థం ఎంత వేశామో కచ్చితంగా చెప్పగల మీడియాలు కూడా వచ్చాయి.

ముందు కాలనీ వస్తే చాలు అనుకునేవాళ్లకు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పెప్టోన్ దారే సులువు. ఖర్చు తక్కువ, తయారీలో తలనొప్పి లేదు. చిక్కల్లా పెప్టోన్ బ్యాచ్‌కో రకంగా ఉండడమే. పోయినసారి బాగా పెరిగింది ఈసారి ఎందుకు పెరగలేదో డబ్బా మీది లేబుల్ చెప్పదు.

అసలు దీనికి ఏ పోషకాలు కావాలో తెలుసుకోవాలంటే మాత్రం నా ఓటు అమైనో ఆమ్లాల మీడియంకే. కారణం గంధకం. చాపెక్ లవణాల్లో గంధకం సల్ఫేట్ రూపంలో ఉంటుంది. చాలా బూజులు దాంతోనే గంధకం ఉండే అమైనో ఆమ్లాలైన సిస్టీన్, మెథియోనిన్ తయారు చేసుకుంటాయి. తుప్పు శిలీంధ్రానికి అది చేతకాదు. సిస్టీనో, మెథియోనినో, సిస్టీన్ కలిగి ఉండే గ్లూటాథయోనో తయారుగా అందించాల్సిందే. ఆ లవణాల్లో నత్రజని ఉండే నైట్రేట్ సంగతీ అంతే. నత్రజనిని అమైనో ఆమ్లాలుగా ఇస్తేనే హాయిగా వాడుకుంటుంది. అంటే 1966 నాటి ప్లేట్లలో దాన్ని నిలబెట్టింది లవణాలు కాదు, ఆ కాస్త ఈస్ట్ ఎక్స్‌ట్రాక్టే. అందులో అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏది పనిచేసిందో విడిగా కనబడదు. ఒక్కో పదార్థం తీసేసి చూస్తే తప్ప తేలదు. 2011లో ఈ శిలీంధ్రపు జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) వివరాలు వెలువడినప్పుడు నైట్రేట్, సల్ఫేట్‌లను వాడుకునే మార్గాల్లో కీలకమైన జన్యువులు కొన్ని లేవని బయటపడింది. ప్లేట్ల మీద ఎప్పుడో చూసినదానికి ఇంతకంటే గట్టి రుజువు ఏం కావాలి!

అయితే ఈ దారిలో ఓపిక ఎక్కువే కావాలి. శిలీంధ్ర తంతువుల నుంచి అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా సిస్టీన్, బయటికి కారిపోతుంటాయి. అందుకే సిద్ధబీజాలను పలచగా చల్లితే కాలనీ నిలవడం కష్టం, దట్టంగా వేయాలి. పైగా సిస్టీన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది, మీడియంను ముందే చేసి నిల్వ పెట్టుకుంటే లాభం లేదు. రెండు మీడియాల్లోనూ పెరుగుదల నెమ్మదే.

తెగులు తట్టుకునే రకాలను వెతికేవాళ్లకు ఈ రెండూ పనికిరావు. ప్లేట్ మీద పెరిగిన వంశాలు చాలావరకు తెగులు కలిగించే శక్తిని పోగొట్టుకుంటాయి. వాళ్లకు పచ్చి ఆకే కావాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరుశనగ తుప్పు తెగులు పరీక్షలకు కోసిన ఆకులనే వాడారు.